అయిపోతది సార్

ఇవాళ పొద్దున ఫోన్ ఒక కబురు మోసుకొచ్చింది. ఉద్యోగస్తులంతా తమ గొప్పలు తామే రాసుకునే సైటు ఒకటుంది కదా, దాని నుంచి. ఫలానా ఆయన ఫలానా కంపెనీలో చేరి మరో ఏడాది పూర్తయింది, అభినందించండి అని. కింద ఒక బటన్, పక్కన పూలగుత్తి బొమ్మ. ఆ కంపెనీ మూతబడి చాలా కాలమైంది. ఆయన కిందటేడు రంజాన్‌కి ముందు, ఖమ్మంలో, గుండెపోటుతో చనిపోయాడు. కంపెనీ లేదు, మనిషి లేడు, ఉద్యోగం మాత్రం నడుస్తూనే ఉందట. ముందు నవ్వొచ్చింది. తర్వాత ఒళ్లు మండింది. బటన్ నొక్కకుండా ఫోన్ పక్కన పడేశాను గానీ, పొద్దుటి నుంచి ఏ పనీ ముందుకు సాగడం లేదు.

మేమంతా ఆయన్ని భాయ్ అనేవాళ్లం. నేను మొదటిసారి చూసినప్పుడు మాత్రం "గుడ్ మార్నింగ్ సార్" అన్నాను. డిగ్రీ అయ్యాక రెండేళ్లు తల్లాడలో ఇంట్లో కూర్చున్నాను. హైదరాబాద్‌లో మెట్లెక్కని కంపెనీ లేదు, లెక్కలేనన్ని రకాలుగా "మళ్లీ చెప్తాం" అనే మాట విన్నాను. అట్లాంటి రోజుల్లో ఖమ్మంలోనే ఇంటర్వ్యూ అంటే ఎగిరి గంతేసి వెళ్లాను. ఒక ఫంక్షన్ హాలు పైన అద్దె గది. బయట బెంచీ మీద యాభై దాటిన మనిషి. ఇస్త్రీ మడత చెదరని పొడుగు చేతుల చొక్కా, మెరిసే బూట్లు, రంగేసిన నల్లటి మీసం, ఒళ్లో ప్లాస్టిక్ ఫైలు. ఇంటర్వ్యూ చేసేది ఈయనే అనుకుని లేచి నిలబడి గుడ్ మార్నింగ్ చెప్పాను. ఆయన కూడా గబుక్కున లేచి నిలబడ్డాడు.

"నాకెందుకమ్మా గుడ్ మార్నింగ్. నేను గూడ గీ పరీక్షకే వచ్చిన. కూసో" అన్నాడు. నన్ను ఒకసారి ఎగాదిగా చూసి, "నీకు వస్తది. నీకు వయసున్నది. నాకు రావాలంటే వాళ్లకు ఇంకెవ్వరు దొరకొద్దు" అన్నాడు.

లోపల ప్రశ్నలు అడుగుతున్నది కంపెనీ పెట్టిన కుర్రాడే. ముప్పై ఏళ్లు కూడా ఉండవు. తలుపు ఓరగా ఉండడంతో భాయ్ జవాబులు నాకు వినబడుతూనే ఉన్నాయి. ఐదేళ్ల తర్వాత మీరెక్కడుంటారనుకుంటున్నారు అని అడిగాడు ఆ కుర్రాడు. ఆ ప్రశ్నకి నేను రాత్రంతా ఇంగ్లీషులో జవాబు బట్టీ పట్టి ఉన్నాను.

"నేను ఈడనే ఉంట సార్. మీరు ఉంటరా?" అన్నాడు భాయ్.

లోపలి నుంచి పెద్ద నవ్వు వినిపించింది. ఆ నవ్వుకే ఆయనకి ఉద్యోగం ఇచ్చారని నేను ఇప్పటికీ నమ్ముతాను. నాకు ఎందుకు ఇచ్చారో తెలియదు. వారం తిరిగేసరికి ఇద్దరం భద్రాచలంలో ఉన్నాం.

కంపెనీ పని చెప్పుకోవడానికి బాగానే ఉండేది. అడవి ఊళ్లలో ఆడవాళ్లు ఏరిన ఇప్పపువ్వు, చింతపండు, తేనె దళారులు లేకుండా కొనడం, ఇప్పపువ్వుతో లడ్డూలు, బిస్కెట్లు చేసి అందమైన డబ్బాల్లో నగరాలకు అమ్మడం. భద్రాచలంలో కిరాయికి తీసుకున్న ఇంట్లో ముందు గది ఆఫీసు, వెనక రెండు గదులు గోడౌన్. భాయ్, నేను రోజూ ఒకే బండి మీద దుమ్ముగూడెం వైపు ఊళ్లకి పోయి సరుకు కొనుక్కొచ్చేవాళ్లం. కొనడానికి కంపెనీ ఇచ్చిన వేలాడే కాటా ఒకటి ఉండేది. దాని కొక్కేనికి బుట్ట తగిలించగానే తూకం దానంతటదే ఫోన్‌లోకి ఎక్కుతుంది, డబ్బు అమ్మినావిడ ఖాతాలోకి పోతుంది. వేరే కాటా పెడితే ఫోన్ ఒప్పుకోదు. మా ఇద్దరి ఉద్యోగమూ ఆ కొక్కేనికే వేలాడుతుండేది.

భాయ్‌కి ఇది మొదటి కంపెనీ కాదు. హైదరాబాద్‌లో కూరగాయలు ఇంటికి పంపే కంపెనీలో చేశాడు, కార్లు కిరాయికి తిప్పే దాంట్లో చేశాడు, బట్టలు ఉతికించే దాంట్లోనూ చేశాడు. అన్నీ ఈయన చేరాకే మూతబడ్డాయి. "నేనెక్కిన పడవ ఒక్కటి గూడ ఒడ్డు జూడలె" అని తనే చెప్పేవాడు. ఇది కూడా పోతే ఖమ్మంలో బావమరిది చెప్పుల దుకాణంలో ఆయనకి చోటు సిద్ధంగా ఉంది. ఆ చోటంటేనే భయం.

"మీ బావమరిది మంచోడు కాదా?" అని అడిగాను ఒకసారి.

"మంచోడే. గదే కష్టం. మంచోని కింద పనిజేస్తే తిట్టుకోనీకి గూడ ఉండదు" అన్నాడు.

కంపెనీ మునిగే ముందు ఏ లక్షణాలు కనిపిస్తాయో భాయ్ దగ్గర శాస్త్రం ఉండేది. నీళ్ల క్యాన్ వేసేవాడు గుమ్మంలో నిలబడి ఎదురుచూస్తున్నాడంటే జ్వరం మొదలైనట్టు. ఓనరు మనందరం ఒక కుటుంబం అన్నాడంటే ఆ నెల జీతం ఆలస్యం. మీటింగులో ఎవ్వరూ వినని కొత్త ఇంగ్లీషు మాట వచ్చిందంటే ఒక పాత మనిషి ఇంటికి పోతాడు. నేను నవ్వేదాన్ని. ఆయన నవ్వేవాడు కాదు. ఆఫీసులో తన సంచి ఎప్పుడూ బల్ల మీద పెట్టలేదు, గుమ్మం పక్కనే గోడకి ఆనించి పెట్టేవాడు. నేను నా బల్ల మీద చిన్న మనీప్లాంట్ పెట్టుకుంటే చూసి తల అడ్డంగా ఊపాడు. "వేర్లు దిగేది ఏది పెట్టుకోకు బేటా. పోయేటప్పుడు పీకాల్సొస్తది."

ఓనరు కుర్రాడి ఫోన్ వస్తే భాయ్ లేచి నిలబడేవాడు. కెమెరా ఉండదు, ఏమీ ఉండదు, ఉత్త ఫోనే. అయినా లేచి, ముంజేతి గుండీలు పెట్టుకుని, అప్పుడు మాట్లాడేవాడు. అవతల ఏమడిగినా జవాబు ఒకటే. "అయిపోతది సార్." వానలో జీపు దొరకాలా, అయిపోతది. సెలవు రోజు లారీ పంపాలా, అయిపోతది. ఫోన్ పెట్టేశాక నా వైపు తిరిగి, "ఎట్లయితదో నాకు గూడ తెల్వదు" అనేవాడు. తర్వాత బతిమాలడం మొదలుపెట్టేవాడు. లారీ డ్రైవర్లని, సంత వ్యాపారుల్ని, ఖమ్మంలో తన చిన్ననాటి దోస్తుల్ని, వాళ్ల తమ్ముళ్లని కూడా. ఆ పని జరిగేదాకా వదిలేవాడు కాదు. బతిమాలడంలో ఆయనకి సిగ్గు ఉండేది కాదు. చూస్తుంటే నాకు సిగ్గేసేది. అదే మాట అంటే, "నౌకరంటే సగం పని, సగం బతిమాలుడు. నువ్వు సగమే నేర్చుకున్నవ్" అని నాకే చురక వేశాడు.

రెండో ఏడాది, ఇప్పపువ్వు రాలే రోజులు దగ్గరపడుతుండగా, ఒక సోమవారం ఫోన్ మీటింగులో కొత్త ఇంగ్లీషు మాట వచ్చింది. దాని అర్థం బక్కచిక్కడం. కంపెనీ బక్కగా, చురుగ్గా ఉండాలట. ఇక నుంచి ఒక్కో ఆఫీసులో ఒక్కరే ఉంటారు, ఎవరన్నది ఇన్వెస్టర్లు వచ్చి చూసి వెళ్లాక చెప్తాం అన్నాడు కుర్రాడు. అంటే భద్రాచలంలో భాయ్ గానీ నేను గానీ. మీటింగు అయ్యాక భాయ్ ముంజేతి గుండీలు విప్పుకుంటూ, "టిఫిన్ జేసినవా?" అని అడిగాడు. చేశానన్నాను. చెయ్యలేదు.

ఆ తర్వాతి రోజుల్లోనూ ఒకే బండి మీద పోయేవాళ్లం, ఒకే డబ్బాలో అన్నం తినేవాళ్లం, ఒకరి వెనక ఒకరం లెక్కలు వేసుకునేవాళ్లం. ఆయన ఫోన్ పట్టుకుని వరండాలోకి వెళ్తే నా చెవులు అటే ఉండేవి. నేను కుర్రాడికి మెసేజ్ పెడుతుంటే ఆయన కావాలని అటు తిరిగి కూర్చునేవాడు. ఒకరోజు నన్ను పిలవకుండా ఒక్కడే పర్ణశాల వైపు వెళ్లొచ్చాడు. తేనె పట్టేవాళ్లని కలిశాడట. నాకు ఆగలేదు.

"నన్ను తప్పించి మీరొక్కరే మంచి అనిపించుకుందామనా భాయ్?" అని మొహం మీదే అడిగేశాను.

ఆయన చెప్పులు విప్పి, కాళ్లు కడుక్కుని వచ్చి కూర్చున్నాడు. "అవ్. నా నౌకరి నేను కాపాడుకోవాలె. నీది నువ్వు కాపాడుకో. గంతే బేటా. దాంట్ల దాచుడేముంది" అన్నాడు. కాళ్లు తుడుచుకుంటూ, "నీ ఇంగ్లీషు మంచిగున్నది. నీ రిపోర్టు మంచిగుంటది. వాళ్లు వచ్చిన్నాడు గది సూపెట్టు. గట్ల నిలబడు" అని నాకే ఉపాయం చెప్పాడు. ఈ మనిషిని ఏమనాలో నాకు తెలిసేది కాదు. తిట్టుకుందామంటే తిట్టుకోనిచ్చేవాడు కాదు.

ఇన్వెస్టర్లు రామాలయం దర్శనం చేసుకుని, ఒక ఊరికి వచ్చి, ఆడవాళ్లు ఇప్పపువ్వు తెచ్చి అమ్మడం, డబ్బు అక్కడికక్కడే ఖాతాలో పడడం కళ్లారా చూడాలన్నారు. కుర్రాడు తేదీ చెప్పాడు. భాయ్ నిలబడి, గుండీలు పెట్టుకుని, అయిపోతది సార్ అన్నాడు. చెట్ల కింద పువ్వు రాలుతోందని సంతలో విన్నాడు. పువ్వు రాలితే సరుకు ఉన్నట్టే కదా. నేను కూడా అట్లాగే అనుకున్నాను.

వారం ముందు మాట చెప్పి వద్దామని ఆ ఊరికి పోయాం. కోయవాళ్ల ఊరు. వాకిళ్లలో చాపల మీద పువ్వు ఆరబోసి ఉంది, ఊరంతా తియ్యటి మత్తు వాసన. భాయ్ మొహం వెలిగింది. మాకు సరుకు అమ్మే ఆడవాళ్లకి పెద్దదిక్కు ఒక అవ్వ. నిరుడు మాకు మొదటి బుట్ట అమ్మింది ఆమే. భాయ్ ఆమె ముందు గొంతుక్కూర్చుని విషయం చెప్పాడు.

"పండుగ గాలె గద సాయిబూ" అంది అవ్వ.

మాకు అర్థం కాలేదు. అప్పుడు చెప్పింది. కొత్త పువ్వు ఏరుకోవచ్చు, ఆరబెట్టుకోవచ్చు. ఇప్పపూల పండుగ చేసి దేవరకు పెట్టేదాకా మాత్రం ఎవ్వరూ నోట్లో వేసుకోరు, కాటా ఎక్కించరు. నిరుడు మేం వచ్చేసరికే ఆ ఊళ్లో పండుగ అయిపోయింది, అందుకని ఈ సంగతి మాకు ఎదురు కాలేదు. ఈ ఏడు ఊరి పెద్ద ఒకాయన చనిపోవడంతో పండుగ అమావాస్య తర్వాతకు పోయింది. ఇన్వెస్టర్లు వచ్చేది అమావాస్యకి ముందు.

"రెండు దినాలు ముందుకు జరపరాదా అవ్వా?" అని అడిగాడు భాయ్.

"జరపనీకి నేనెవరు, నువ్వెవరు. ముందుగాల ఎవరన్న అమ్ముకుంటే తప్పు కట్టాలె. మేకను కోసి ఊరందరికి అన్నం పెట్టాలె, దేవర ముంగట తల వంచాలె. మా ఊళ్లె గట్ల తప్పు కట్టినోళ్లు లేరు."

వేరే ఊళ్లో చూసుకుందామా అంటే టైం లేదు, కార్లు వచ్చే దారి ఉన్నదీ ఈ ఊరికే. అంతలో కుర్రాడి ఫోన్ మోగి కట్ అయింది. సిగ్నల్ కావాలంటే రోడ్డు మీదికి పోవాలి. భాయ్ ఫోన్ నా చేతిలో పెట్టాడు. "నువ్వు పోయి మాట్లాడు. నేను అవ్వతోని మాట్లాడొస్త" అన్నాడు. ఫోన్‌లో కుర్రాడు అంతా సిద్ధమేనా అని అడిగితే నా నోట కూడా అయిపోతుంది సార్ అనే వచ్చింది. తిరిగి వచ్చేసరికి భాయ్ బోరింగు దగ్గర మొహం కడుక్కుంటున్నాడు. కొట్టేవాళ్లు లేక తనే ఒక చేత్తో కొడుతూ, ఒక చేత్తో నీళ్లు పట్టుకుంటున్నాడు. చాలాసేపు కడుక్కున్నాడు.

"ఏమన్నది భాయ్? అయితదా?"

"చూద్దాం" అన్నాడు.

ఆయన నోట ఆ మాట నేను అంతకుముందు వినలేదు. ఆ వారమంతా ఆయన అంతకన్నా ఎక్కువ చెప్పలేదు. ఏదో బేరం కుదుర్చుకున్నాడనీ, ఆ రోజు అందరి ముందు ఒంటరిగా గెలిచి చూపించి నన్ను ఇంటికి పంపుతాడనీ నాకు గట్టిగా అనిపించింది. తల్లాడ బస్సులు ఏ టైముకి ఉన్నాయో కూడా ఒకరోజు చూసుకున్నాను.

ఆ రోజు రెండు కార్లు వచ్చాయి. కుర్రాడు, అతనితో ఇన్వెస్టర్లు ఇద్దరు: ఒకామె, ఒకాయన. అప్పటికే మేం వేపచెట్టు కొమ్మకి కాటా వేలాడదీసి ఉన్నాం. భాయ్ మడత చెదరని చొక్కాతో కాటా పక్కన నిలబడ్డాడు. నేను నా రిపోర్టు పట్టుకుని ఇంకో పక్క. వాకిళ్ల వైపు చూస్తూ, ఎవరూ రారు, ఇద్దరి ఉద్యోగాలూ ఇవాళ్టితో సరి అనుకుంటున్నాను.

వచ్చారు. అవ్వ ముందు, వెనక పదిమంది దాకా ఆడవాళ్లు, నెత్తిన బుట్టలు. బుట్టల్లో కొత్త పువ్వు. ఎట్లా ఒప్పించాడీ మనిషి అనుకున్నాను. ఇన్వెస్టర్ ఆవిడ ఫోన్ తీసి వీడియో మొదలుపెట్టింది. కుర్రాడు నవ్వు మొహంతో, "భాయ్, స్టార్ట్ చేద్దాం" అన్నాడు. ఆడవాళ్ల మొహాల్లో మాత్రం నవ్వు లేదు. ఊరి మగవాళ్లు దూరంగా, మా వైపు చూడకుండా నిలబడి ఉన్నారు.

అవ్వ బుట్ట దించి కొక్కెం దగ్గరికి ఎత్తింది. భాయ్ బుట్ట అంచు పట్టుకున్నాడు. సాయం పడుతున్నాడనుకున్నాను. ఆయన దాన్ని మెల్లగా కిందికి దించి నేల మీద పెట్టాడు. తర్వాత చెయ్యి పైకి చాపి కొమ్మ మీంచి కాటా తీసేశాడు.

"ఇయ్యాల కొంటలేము సార్" అన్నాడు.

కుర్రాడి నవ్వు అట్లాగే ఉండిపోయింది. "ఏమైంది భాయ్?"

"వీళ్ల పండుగ గాలె సార్. పండుగ గానిది అమ్మరు."

"వాళ్లు అమ్మడానికే కదా తెచ్చారు."

"తెచ్చిన్రు సార్. నేనే కొంటలేను."

కుర్రాడు ఆయన్ని మోచెయ్యి పట్టుకుని పక్కకి తీసుకెళ్లాడు. గొంతు తగ్గించాడు గానీ నాకు వినబడింది. ఇవాళ ఇది జరగకపోతే వీళ్లు డబ్బు పెట్టరు, మీకు ఒక్కరికే కాదు, అందరికీ కష్టం అంటున్నాడు. పట్టుకున్న మోచెయ్యి వదలడం లేదు. అతని ప్రాణం కూడా ఆ కాటాకే వేలాడుతోందని నాకు అప్పుడు తెలిసింది. "ఎరుకే సార్" అన్నాడు భాయ్. అంతకన్నా ఏమీ అనలేదు. కాటా చంకలో పెట్టుకుని బండి దాకా నడిచి, సీటు పక్క పెట్టెలో పెట్టి, తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకుని, మాకు వీపు తిప్పి నిలబడ్డాడు.

కుర్రాడు నా వైపు తిరిగాడు. "నువ్వు కానివ్వు" అన్నాడు.

నేను కొమ్మ వైపు చూశాను. "కాటా లేదు సార్" అన్నాను. ఉన్న మాటే చెప్పాను. కాటా అక్కడ ఉండి ఉంటే మారు మాట్లాడకుండా బుట్ట తగిలించేదాన్ని, అంత భయంలో ఉన్నాను. ఇన్వెస్టర్లు చాపల మీద పువ్వుని ఫోటోలు తీసుకుని, నా రిపోర్టు తిరగేసి, బాగుందని చెప్పి, పర్ణశాల చూడడానికి వెళ్లిపోయారు. ఆడవాళ్లు బుట్టలు మళ్లీ నెత్తికెత్తుకున్నారు.

తిరిగొచ్చేటప్పుడు బండి మీద నా కోపం కట్టలు తెంచుకుంది. "నా నోటికాడి కూడు కూడా తన్నేశారు భాయ్" అన్నాను. ఆయన బండి ఆపలేదు, తల తిప్పలేదు. "నీది పోదు. నింద మోపనీకి ఒకడు దొరికినంక రెండోదాన్ని తియ్యరు" అన్నాడు.

సోమవారం ఫోన్ వచ్చింది. భాయ్ లేచి నిలబడ్డాడు, గుండీలు పెట్టుకున్నాడు. కుర్రాడు చాలా మర్యాదగా, ఇన్నాళ్ల ప్రయాణానికి కృతజ్ఞతలు అని చెప్పాడు. "అట్లనే సార్. మంచిది సార్" అన్నాడు భాయ్. సంచి గుమ్మం దగ్గరే ఉంది. ఆఫీసులో తీసుకుపోవలసింది ఆయనకి ఇంకేమీ లేదు. నేను ఖమ్మం బస్సు దాకా వెంట వెళ్లాను. బస్టాండులో జనం, ఎండ. నాకు అడగక తప్పలేదు.

"నా కోసం చేసినారా భాయ్?"

"నీ కోసమా?" అని నిజంగానే ఆశ్చర్యపోయాడు. "నా పిల్లలు నాకున్నరు. నీ కోసమెందుకు చేస్త?" సంచి ఇంకో భుజానికి మార్చుకున్నాడు. "నువ్వు ఫోన్‌ల మాట్లాడనీకి పోయినవ్ గద. అవ్వను బతిమాలిన. కాళ్లు గూడ మొక్కబోయిన. నీ నౌకరి పోతదా బిడ్డా అని అడిగింది. అవ్, పోతదన్న. అయితే తీస్కపో, తప్పు మేం కట్టుకుంటం అన్నది. ఆడోళ్లందరు అట్లనే అన్నరు. మేకను కోస్తరట, ఊరికి అన్నం పెడ్తరట, తల వంచుతరట. నా నౌకరి కోసం."

బస్సు వచ్చింది. జనం తోసుకుంటున్నారు. ఆయన కదల్లేదు.

"వద్దన్నరనుకో, ఇంకా బతిమాలుతుంటి. గది నాకలవాటే. సరే అన్నరు. నాకు గది అలవాటు లేదు. వారం దినాలు తీసుకుందామనే అనుకున్న. బుట్ట ఎత్తినంక చెయ్యి రాలె." అంతవరకు చెప్పి కళ్లు తుడుచుకున్నాడు. చెమటని తుడుచుకున్నట్టే తుడుచుకున్నాడు. "పండుగైనంక జల్దీ పో. సంత వ్యాపారోడు పోకముందే పో. మొదటి కాటా నీదే గావాలె. గిప్పుడు ఒక్కదానివే ఉన్నవ్, నిలబెట్టుకో. అవ్వ నా సంగతి అడుగుతది. నౌకరి ఉన్నదనే చెప్పు. ఖమ్మం ఆఫీసుల వేసిన్రని చెప్పు."

అమావాస్య దాటి పండుగ అయిందని తెలిసిన మర్నాడే పొద్దున్నే పోయాను. ఊరు కళకళలాడుతోంది. మగవాళ్లు పలకరించారు. నేను కాటా కొమ్మకి తగిలిస్తుంటే అవ్వ బుట్టతో వచ్చి, నా వెనక బండి దగ్గర ఎవరున్నారా అని చూసింది.

"సాయిబు ఏడి?"

"ఖమ్మంలో వేశారవ్వా. పెద్ద ఆఫీసులో."

"నౌకరి ఉన్నదా?"

"ఉన్నది."

అవ్వ వెనక్కి తిరిగి మిగతా ఆడవాళ్లకి తమ భాషలో ఏదో చెప్పింది. అందరూ ఒక్కసారిగా నవ్వారు, ఒకామె చేతులు కూడా తట్టింది. అవ్వ తన బుట్ట తనే ఎత్తి కొక్కేనికి తగిలించింది.

"మేము తప్పు కట్టలె, ఆయన నౌకరి పోలె. మంచిగైంది" అంది.

కాటా మీద అంకె ఎంతో చదవడానికి నాకు చాలాసేపు పట్టింది.